రెండు కుంపిణీల పోరు, తెలుగునేలకు గీటు

చందుర్తి అనగానే మా హుజూరాబాదు పిల్లలకు వేములవాడ దగ్గరి చందుర్తి జ్ఞాపకం వస్తుంది. తరగతిలో ఆ పేరెత్తితే, “అక్కడ యుద్ధం ఎప్పుడు జరిగింది సార్?” అని ఆశ్చర్యపోతారు. జరిగింది అక్కడ కాదు, పిఠాపురం దగ్గరి చందుర్తిలో. కాని దాని ఫలితం మా వూరిదాకా వచ్చింది.

1753లో నిజాం సలాబత్ జంగు, తనకు అండగా నిలిచిన ఫ్రెంచి సేనాని బుస్సీకి సైన్యం జీతాల కింద ఉత్తర సర్కారులను వ్రాసియిచ్చాడు. 1756లో ఐరోపాలో ఫ్రెంచివారికీ ఇంగ్లీషువారికీ యుద్ధం వచ్చింది. ఆ కక్ష ఓడలెక్కి యిక్కడికీ దిగింది.

1757లో బొబ్బిలి యుద్ధం ముగియగానే విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు తాండ్ర పాపారాయుని చేతిలో హతుడైనాడు. తరువాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు బుస్సీతో పొసగలేదు. 1758లో ఫ్రెంచి అధిపతి లాలీ, బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. అదే అదనుగా రాజు విశాఖపట్నం నుండి ఫ్రెంచివారిని వెళ్లగొట్టి, ఇంగ్లీషువారికి కబురంపాడు. మద్రాసువారికి తమ కోటను కాపాడుకోవడమే గండంగా వుంది. కలకత్తా నుండి క్లైవు మాత్రం కర్నల్ ఫోర్డును పంపాడు. సైన్యం ఖర్చుకు నెలకు 50,000 రూపాయలు రాజు యిచ్చేటట్లు ఒప్పందం.

1758 డిసెంబరులో చందుర్తి వద్ద సేనలు తలపడ్డాయి. బెంగాలు సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కొని వున్నారు. వారే తెల్లసోల్జర్లనుకొని ఫ్రెంచివారు వారిమీద విరుచుకుపడ్డారు. అసలు తెల్లసోల్జర్లు ఏపుగా పెరిగిన మొక్కజొన్న చేను మాటున వున్నారు. వారు బయటికి రావడంతో ఫ్రెంచివారి పని ముగిసింది.

1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పడిపోయింది. ఫ్రెంచివారికి సాయంగా బెజవాడదాకా వచ్చిన సలాబత్ జంగు గెలిచినవారితోనే రాజీపడి, మే 14న మచిలీపట్నం ప్రాంతాన్ని వారికి ధారపోశాడు. 1766 సంధితో ఉత్తర సర్కారులపై ఇంగ్లీషు కుంపిణీ హక్కు స్థిరపడింది. తెలంగాణ నిజాం కిందనే వుండిపోయింది.

ఐదునెలల పోరు ఒకే భాష మాట్లాడేవారి మధ్య గీటు గీసింది. అటు కచేరీలలో ఇంగ్లీషు, ఇటు మొదట ఫారసీ, తరువాత ఉర్దూ. రెండువందల యేండ్లకు తక్కువగా రెండు ఏలుబడులు, రెండు రకాల చదువులు, రెండు రకాల కష్టాలు. 1956లో కలిసినప్పుడూ, 2014లో విడివడినప్పుడూ ఆ పాతగీటు ఛాయ కనబడుతూనే వుంది.

ఇంగ్లీషువారిని పిలిచిన విజయనగరానికి మాత్రం ఏం మిగిలింది? 1794లో పద్మనాభం వద్ద ఆ వంశపు చిన విజయరామరాజు ఆ కుంపిణీ సైన్యం చేతిలోనే నేలకొరిగాడు. ఇంటి తగవుకు పొరుగువాణ్ణి పిలిస్తే, వాడు తగవూ తీర్చలేదు, ఇల్లూ విడువలేదు.

ఈ కథ చెప్పి ముగించగానే వెనుక బల్లమీది పిల్లవాడు లేచి, “ఆ చేను ఎవరిది సార్?” అని అడిగాడు. ఆ రైతు పేరు ఏ చరిత్రకారుడూ వ్రాయలేదు నాయనా! పంట మాత్రం అతనిదే పోయింది.