గుట్టు బయటపడకుండా నిజం రాబట్టే నాణెం

సూరత్‌లోని అడాజన్‌లో ఒక ఇంటి తలుపు తట్టి, ‘మీకు మద్యం అలవాటుందా?’ అని అడిగితే నిజం చెబుతారా? గుజరాత్‌లో మద్యనిషేధం అమల్లో ఉంది. పర్మిట్ లేనివారు ‘అవును’ అంటే నేరం ఒప్పుకున్నట్టే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా ఈ అలవాటు గురించి అడుగుతుంది. జవాబులు తప్పయితే ఆరోగ్య పథకాల అంచనాలూ తప్పుతాయి.

దీనికి 1965లో స్టాన్లీ వార్నర్ ఒక గణిత మార్గం చూపారు. దాని సులువైన రూపం ఇది: జవాబిచ్చేవారు చాటుగా నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే ‘అవును’ అనాలి, బొరుసు పడితే నిజం చెప్పాలి. 1,000 మందిలో 600 మంది ‘అవును’ అన్నారనుకుందాం. వాటిలో సుమారు 500 నాణెం చెప్పించినవే. మిగతా 500 మందిలో 100 మందికి, అంటే 20 శాతానికి అలవాటు ఉన్నట్టు. ఎక్కువమందిని అడిగితేనే ఈ లెక్క నమ్మదగ్గది. ఆ అలవాటు ఎవరికన్నది మాత్రం అడిగినవారికీ తెలియదు.