మంట లేని మంటలు

రండర్రా, అందరూ అరుగు మీదికి రండి. బామ్మ ఇప్పుడే వేయించిన వేరుశనక్కాయలు చాటనిండా తెచ్చి పెట్టింది. ఇంకా కాలుతున్నాయి, కాస్త ఆగి ఒలుచుకోండి. చిన్నాడికి పక్కన చోటివ్వండి, ఆ స్తంభానికి ఆనుకుని కూర్చుంటాడు.

అమెరికా కబుర్లు చెప్పమని నాలుగు రోజులుగా నా వెంట పడుతున్నారుగా! మేడలూ కార్లూ మీరు టీవీలో చూసేవే. నేను మీకు మంటల సంగతి చెబుతాను. అక్కడ ఉన్న మూడు నెలల్లో మూడు రకాల మంటలు చూశాను. ఒక్కదాంట్లోనూ నిప్పు లేదు.

మా పెద్దాడు ఉండేది న్యూజెర్సీలో ఎడిసన్ అనే ఊరు. మన గుంటూరులా ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉండవు. విడివిడిగా చెక్క ఇళ్ళు, ఇంటిముందు పచ్చిక, వెనకాల మన అరుగులాంటి చెక్కబల్లల వసారా. మనవాళ్ళు బాగా ఉన్న ఊరేలెండి, కరివేపాకూ గోంగూరా కూడా కొట్లో దొరుకుతాయి. అక్టోబరు సగానికి వచ్చిందో లేదో, ఒకరోజు పొద్దున్నే వసారాలోకి వెళ్ళి చూద్దును కదా, వీధి వీధంతా అంటుకున్నట్టుంది! మేపుల్ అని ఒక చెట్టు ఉంటుంది. నిన్నటిదాకా పచ్చగా ఉన్నదల్లా కొమ్మ కొమ్మకీ ఎర్రగా, కాషాయంగా, పసుప్పచ్చగా మండుతోంది. కాఫీ చల్లారిపోయేదాకా అలా చూస్తూనే ఉండిపోయాను.

ఇది ఎలా జరుగుతుందంటే... మన ఊరి చెరువుకి మెట్లున్నాయి కదా, వానాకాలంలో నిండినప్పుడు కనిపిస్తాయా? కనిపించవు. వేసవిలో నీళ్ళు తగ్గితే ఒక్కొక్క మెట్టే బయటపడుతుంది. ఆకులో పసుప్పచ్చ కూడా అంతే. బంతిపువ్వులోనూ గుమ్మడిపండులోనూ ఉండే జాతి రంగులే ఆకులోనూ మొదటినుంచీ ఉంటాయి. పైన పత్రహరితం నిండుగా ఉండటంతో మన కంటికి ఆనవు. చలి మొదలై పొద్దు కురచయ్యేసరికి చెట్టు ఆ పత్రహరితాన్ని విడగొట్టి, అందులో పనికొచ్చే సరుకుని కొమ్మల్లోకీ మానులోకీ లాక్కుంటుంది. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు తలుపులూ కిటికీలూ కూడా ఊడదీసి పట్టుకెళ్ళినట్టన్నమాట. అప్పుడు అడుగునున్న పసుపు తేలుతుంది.

ఎరుపు సంగతి వేరు. అది అప్పటికప్పుడు ఆకు తయారుచేసుకునే రంగు. ఆకు కాడ మొదట్లో, పుండు మీద పక్కు కట్టినట్టు, ఒక బెండులాంటి పొర పెరుగుతుంది. దాంతో ఆకులో ఊరిన చక్కెర బయటికి పోయే దారి మూసుకుపోతుంది. పగలు మంచి ఎండా రాత్రి చలీ ఉంటే, ఆ చక్కెరతో ఆకు ఎర్రరంగు చేసుకుంటుంది. ఎర్ర గోంగూర కాడలో, వంకాయ తొక్కలో, నేరేడు పండులో ఉన్నది ఆ రంగు తోబుట్టువులే. అంతదూరం ఎందుకు, మన బడి ఆవరణలో బాదంచెట్టు లేదూ? రాలేముందు దాని ఆకులు ఎలా ఎర్రబడతాయో ఈసారి చూడండి. చూసినప్పుడు కాడ మొదలు కూడా పట్టి చూడాలి సుమా.

అన్నట్టు ఆ ఊరికి ఎడిసన్ అని పేరెందుకొచ్చిందో తెలుసా? ఆ ఊళ్ళోనే మెన్లోపార్క్ అనేచోట థామస్ ఎడిసన్ 1876లో ప్రయోగశాల పెట్టాడు. 1879 అక్టోబరులో, సరిగ్గా ఇలా ఆకులు రాలే రోజుల్లోనే, మామూలు నూలుదారాన్ని బొగ్గుగా మార్చి, గాలి తీసేసిన గాజుబుడ్డిలో పెట్టి, కరెంటు పంపి గంటల తరబడి వెలిగించాడు. ఆయన పేరే 1954లో ఊరికి పెట్టుకున్నారు. ఇదంతా మీకు ఎందుకు చెబుతున్నానంటే, ఆయన బల్బు మా ఇంట్లో దోసెలకి పనికొచ్చింది.

చలికాలం వస్తే పిండి పులవదని బామ్మ సణుగుతూ ఉంటుంది కదా. పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులు మినప్పప్పుతో పాటే వస్తాయి. వాటికి ముప్పై డిగ్రీల వెచ్చదనం ఉంటే హాయి. అక్కడ బయట యాభై డిగ్రీలు అన్నారు ఒకరోజు! నేను హడిలిపోతే మనవరాలు నవ్వి, అది ఫారెన్‌హీట్ తాతయ్యా, మన లెక్కలో పదే అంది. అలాంటి చలిలో పిండి రెండు రోజులైనా కదలదు. మా కోడలు ఏం చేస్తుందంటే, పిండిగిన్నె ఓవెన్లో పెట్టి, ఓవెన్ వెలిగించకుండా లోపలి బల్బు ఒక్కటే వేసి ఉంచుతుంది. ఆ బల్బు ఇంకా పాతకాలపు తీగ బల్బే. అది మింగే కరెంటులో నూటికి తొంభై పాళ్ళకి పైగా వేడిగానే పోతుంది, వెలుగయ్యేది కాసింతే. వెలుగు కోసం కనిపెట్టిన బుడ్డి, వెచ్చదనంతో మా దోసెల పిండిని పొంగించింది. ఒకసారి మాత్రం మా అబ్బాయి గిన్నె లోపలుందని చూసుకోక పిజ్జా కోసం ఓవెన్ వెలిగించాడు. ఆ పూట అందరం గిన్నె ఆకారంలో ఉన్న దిబ్బరొట్టె తిన్నాం. పెళుసుగా, భలే ఉంది!

ఇక అసలు సంగతికి వస్తాను. ఒక శనివారం మధ్యాహ్నం, సన్నగా వాన. ఆకులన్నీ తడిసి ముద్దయి వాకిట్లో పడున్నాయి. కిటికీ కాస్త తీసేసరికి తడిమట్టి వాసన. అంతే! యాభై ఏళ్ళ కిందట మా ఊరి టూరింగ్ టాకీసు ముందు, పెట్రోమాక్స్ దీపం వెలుగులో బండి మీద వేయించిన మిరపకాయ బజ్జీలు గుర్తొచ్చేశాయి. నాలిక పీకేసింది. తింటే బజ్జీయే తినాలి, ఇంకేం పెట్టినా వద్దు.

వాసనకి ఇంత బలం ఎక్కడిదో చెప్పనా? కన్ను చూసినదీ చెవి విన్నదీ మెదడులో ఒక కచేరీ చావడి దాటుకుని లోపలికి వెళ్ళాలి. వాసన ఒక్కటే పెరటిదారి పట్టి, జ్ఞాపకాలూ ఇష్టాయిష్టాలూ కాపురముండే గదుల్లోకి నేరుగా జొరబడుతుంది. అందుకే ఒక్క పీల్పుకి టాకీసూ, దీపం చుట్టూ పురుగులూ, పక్కన కూర్చున్న స్నేహితుడి గళ్ళచొక్కా అన్నీ కట్టెదుట నిలబడతాయి.

బజ్జీ మిరపకాయలు ఆ పూట ఇంట్లో లేవు. జలపీనోలు అనే మిరపకాయలు ఉన్నాయి, పొట్టిగా బొద్దుగా ఉంటాయి. నిలువునా చీరి వాము, ఉప్పు, చింతపండు గుజ్జు కూరాను. శనగపిండిలో గుప్పెడు బియ్యప్పిండీ చిటికెడు సోడా వేసి జారుగా కలిపి, ముంచి నూనెలో వదిలాను. చుయ్‌మని ఎన్ని బుడగలో! పిల్లలు నూనె మరుగుతోందంటారు, కాదు. నూనె నూట ఎనభై డిగ్రీల దగ్గర ఊరికే కాగుతుంటుంది. మరిగేది పిండిలోని నీళ్ళు. బొట్టు నీరు ఆవిరయితే పదహారు వందల రెట్లకి పైగా ఉబ్బుతుంది. ఆ ఆవిరే బుడగలై తన్నుకొస్తుంది. అది బయటికి తోసినంతసేపూ నూనె లోపలికి పోలేదు. బుడగలు నెమ్మదించాయంటే పైపెచ్చు ఎండిందని కబురు. నీళ్ళున్నంతవరకూ పెచ్చు వందడిగ్రీలు దాటదు. ఎండాక వేడెక్కి, పిండిలోని మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి బంగారు రంగు, ఆ కమ్మని వాసన పుడతాయి. 1912లో మెయ్యార్ అనే ఫ్రెంచాయన ఈ కలయిక గురించి రాశాడు. మీ చేతుల్లో వేరుశనగ పలుకు ఎర్రబడిందే, అదీ ఆ కలయికే. ఏదీ, ఒకటి ఒలిచి వాసన చూడండి... ఆఁ, అదే!

రెండో వాయి వేశాను. ఈలోగా మనవరాలు, "తాతయ్యా, ఉడత చూడు!" అని కిటికీ దగ్గరనుంచి పిలిచింది. వెళ్ళాను. బూడిదరంగు ఉడత, మన ఉడతకి మూడింతలుంటుంది, చారలుండవు. ఓక్ చెట్టు కాయ నోట కరుచుకుని, ముందుకాళ్ళతో గబగబా గొయ్యి తీసి, కాయ పెట్టి, మట్టి కప్పి, పైన తడి ఆకులు కూడా సర్దింది. చలికాలానికి దాచుకుంటోంది. అన్నీ తిరిగి తవ్వుకోదు, మిగిలిపోయినవి మొలిచి చెట్లవుతాయి. ఆ ముచ్చట చూస్తూ నిలబడితే, వెనక నూనె నాలుగు చుక్కలు చింది పొయ్యి చుట్టమీద పడి పొగ లేచింది. కిటికీలన్నీ మళ్ళీ చలికి బిగించి ఉన్నాయాయె. ఇంటికప్పుకి బిగించిన పొగగంట కీ... కీ... కీ అని చెవులు చిల్లులు పడేలా మొదలెట్టింది. నేను పొయ్యి కట్టేసి, తువ్వాలు పట్టుకుని దానికింద విసరడం. కోడలు తలుపులు తియ్యడం. మా అబ్బాయి కుర్చీ ఎక్కి దాన్ని విప్పి కిందకి దించాక గానీ ఇల్లు సద్దుమణగలేదు.

ఆ డబ్బీ తిరగేసి చూస్తే, వెనక చీటీ మీద ఒక పేరుంది. అమెరీషియం 241. నాకు ఒళ్ళు ఝల్లుమంది! బళ్ళో పాఠం చెప్పినన్నాళ్ళూ గోడమీది మూలకాల పట్టికలో చూపించిన పేరు, వంటింట్లో నా అరచేతిలో ఉంది. మనిషి అణురియాక్టర్లో తయారుచేసిన లోహం అది. డబ్బీలో ఉండేది ఒక ఉప్పురవ్వలో రెండువందో వంతు, అంతే. అది కంటికి కనిపించని ఆల్ఫా కణాలు విసురుతుంటుంది. కాగితం ముక్క అడ్డుపెడితే ఆగిపోతాయి కాబట్టి డబ్బీ విప్పి కెలకనంతకాలం మనకి భయం లేదు. ఆ కణాలు డబ్బీలోని గాలిని విడగొట్టి సన్నటి కరెంటు పారేలా చేస్తాయి. పంటకాలవలో నీరు పారుతోందనుకోండి. అందులో గుర్రపుడెక్క అడ్డం పడితే ఏమవుతుంది? నీరు తగ్గుతుంది. అలాగే పొగరేణువులు దూరితే కరెంటు తగ్గుతుంది, తగ్గగానే గంట మోగుతుంది. ఇల్లు కాలే పొగో బజ్జీ పొగో దానికి తెలీదు. నిప్పే అనుకుంటుంది పాపం. అలా అనుకోవడమే మంచిది. అక్కడ ఇళ్ళన్నీ చెక్కవి.

ఆ లోహాన్ని కనిపెట్టిన సంగతి ఇంకా బావుంటుంది, వినండి. గ్లెన్ సీబోర్గ్ అనే శాస్త్రవేత్తా ఆయన తోటివాళ్ళూ 1944లో చికాగోలో పట్టుకున్నారు. యుద్ధకాలం, అంతా రహస్యం. యుద్ధం అయిపోయాక 1945 నవంబరు 11న ఆయన్ని పిల్లల రేడియో కార్యక్రమానికి పిలిచారు. ఒక కుర్రాడు, మీ వయసువాడే, కొత్త మూలకాలు ఇంకేమైనా దొరికాయా అని అడిగేశాడు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తల సభలో ప్రకటించడానికి ఇంకా అయిదు రోజులుంది. అయినా అడిగింది పిల్లవాడు కదా, ఆయన దాచలేదు. దొరికాయి అని చెప్పేశాడు! లోకమంతటికన్నా ముందు ఆ కబురు పిల్లలు విన్నారు. ఈ ముచ్చట ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు సంతోషమే.

గంట విని పక్కింటి పెద్దాయన పరుగెత్తుకొచ్చాడు, ఆకులూడ్చే పళ్ళకర్ర చేతిలోనే ఉంది. ఏమీ కాలేదని చెప్పి కూర్చోబెట్టి బజ్జీ పెట్టాం. ఒక కొరుకు కొరికి బావుందన్నాడు. రెండో కొరుక్కి మొహం కందిపోయింది, నుదుట చెమటలు. గ్లాసుడు నీళ్ళు గటగటా తాగాడు, మంట ఇంకా ఎక్కువైంది. కోడలు చప్పున చల్లటి పాలు తెచ్చి ఇచ్చింది. అప్పుడు తెరిపిన పడ్డాడు.

మన నాలిక నరాల కొసల్లో చిన్న చిన్న తలుపులున్నాయి. నలభై మూడు డిగ్రీల వేడి దాటితే తెరుచుకుని, కాలుతోందని మెదడుకి కేకేస్తాయి. మిరపకాయలోని కారం, దాని పేరు కాప్సైసిన్, ఆ తలుపుకి దొంగతాళంచెవి. వేడి లేకుండానే తెరిచేస్తుంది. మెదడు నిజమే అనుకుని ఒళ్ళు చల్లబరచడానికి చెమట పట్టిస్తుంది. మన తెలుగువాళ్ళు ఎప్పుడు కనిపెట్టారో గానీ, పొయ్యిలోదీ మంటే, నాలిక మీదిదీ మంటే అన్నారు. ఆ తలుపుని 1997లో పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. కారం నీళ్ళలో కరగదు, నోరంతా పరుచుకుంటుంది. పాలలోనూ పెరుగులోనూ ఉండే కేసీన్ అనే మాంసకృత్తి దాన్ని పట్టుకుని లాక్కుపోతుంది. ఆవకాయన్నం తర్వాత పెరుగన్నం ఎందుకు తింటామో తెలిసిందా?

ఏరా చిన్నాడా, ఇందాకట్నుంచీ ఏదో అడగాలని చూస్తున్నావు, అడుగు. ఏమిటీ, చిలక పండుమిరపకాయలు గింజలతో సహా తినేస్తుంది, దానికి మంట పుట్టదా అనా? భలే అడిగావురా! పక్షులకీ ఆ తలుపుంది, కానీ ఈ దొంగతాళంచెవికి అది తెరుచుకోదు. కాయ కమ్మగా తినేసి ఎగిరిపోతుంది. చాలా పిట్టల పొట్టలో గింజలు నలగవు, ఎక్కడో రెట్టతో పాటు పడి మొలుస్తాయి. మన పెరట్లో నూతి గట్టు పక్కన, ఎవరూ నాటకుండా ఒక మిరపమొక్క లేచింది, చూశారా? వెళ్ళి చూసి రండి. పైన జామకొమ్మ మీద ఎవరు కూర్చుంటారో అది కూడా చూడండి.