డొప్ప మీద తెల్లమచ్చ

తెల్లమచ్చ తెగులు సోకిన టైగర్ రొయ్య తల మీది డొప్పను ఒలిచి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే గుండ్రటి మచ్చలు కనబడతాయి. చాలావరకు రెండు మిల్లీమీటర్లకు మించవు. గోటితో గీకినా పోవు, ఎందుకంటే పైనుంచి అంటుకున్నవి కావు. డొప్ప లోపలే పేరుకున్న కాల్షియం లవణాలవి.

డొప్పలో ప్రాణం లేకపోయినా దాన్ని కట్టేది దాని కింద సజీవంగా ఉండే చర్మకణాల పొర. కైటిన్, ప్రోటీన్లు ఆ కణాల్లోంచే ఊరి, అతి సన్నని నాళాల గుండా పైకి చేరి, కాల్షియం కార్బొనేటుతో గట్టిపడతాయి. రొయ్య పెరిగే కొద్దీ పాత డొప్ప విడిచి కొత్తది కట్టుకోవాలి గనుక ఆ కణాలకు విశ్రాంతి ఉండదు. ఈ తెగులు తెచ్చే వైరస్ దెబ్బ తీసేది సరిగ్గా వాటినే. కేంద్రకంలో దూరి తన నకళ్లతో దాన్ని ఉబ్బించి, చివరికి కణాన్నే చంపుతుంది. నాళాల్లో సరఫరా చెడి కాల్షియం అక్కడక్కడ పోగుపడడం వల్లే మచ్చలు వస్తాయని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. డొప్ప వదులై సులువుగా ఊడొస్తుంది కూడా.

అయితే రొయ్య ప్రాణం తీసేది మచ్చ కాదు. మొప్పలు, జీర్ణాశయం, రక్తకణాలు పుట్టే కణజాలం, అన్నింట్లోనూ అదే విధ్వంసం జరుగుతుంది. రొయ్యలు మేత మానేసి గట్టు వారకు చేరతాయి. 3 నుంచి 10 రోజుల్లో చెరువు మొత్తం పోవచ్చు. 1990ల మధ్యలో ఆంధ్ర తీరంలో టైగర్ సాగును కుదేలు చేసింది ఈ తెగులే.

రొయ్యలకు సోకే మరో వైరస్ టౌరా కూడా చర్మకణాల మీదే పడుతుంది. 1992లో ఈక్వెడార్‌లో బయటపడిన ఆ జబ్బులో మచ్చలు నల్లవి, అవి ఎక్కువగా బతికి బయటపడ్డ రొయ్యల మీదే ఉంటాయి. దెబ్బతిన్న చోటును రొయ్య మెలనిన్‌తో మూసుకున్న గుర్తులవి.

ఇప్పుడు మన చెరువుల్లో ఎక్కువగా ఉన్నది వనామీ రొయ్య. దానికి తెల్లమచ్చ సోకినా డొప్ప మీద ఏమీ కనబడకపోవచ్చు, ఒళ్లు ఎర్రబారి చనిపోవచ్చు. మరోపక్క నీటిలో క్షారత పెరిగినా, కొన్ని బ్యాక్టీరియాల వల్లా తెల్లమచ్చలు వస్తాయి. అందుకే కంటిచూపును నమ్మి చెరువు భవిష్యత్తు తేల్చడం ప్రమాదం. తేల్చాల్సింది పీసీఆర్ పరీక్ష, అదీ చెరువులో సీడ్ (రొయ్య పిల్లలు) వదలకముందే.

తెల్లమచ్చ వైరస్ మనుషులకు సోకదు. సోకిన రొయ్యకు మందూ లేదు. తెగులు తగిలిన చెరువు నీటిని బ్లీచింగ్‌తో శుద్ధి చేయకుండా కాలువలోకి వదలడం మాత్రం క్షమించరానిది. పక్క రైతు మోటారు పెట్టి తోడుకునేది ఆ కాలువ నీళ్లే.