తిరిగిరాని సైనికుడు

చదరంగములో బంటునకు పేరు లేదు. ఏనుగునో, మంత్రినో కాపాడుకొనుటకై ఆటగాడు బంటును బలి యిచ్చును, అందులకు చింతింపడు. ఆట ముగిసిన పిమ్మట చచ్చిన బంటులును, బ్రదికిన బంటులును ఒకే పెట్టెలోనికి చేరును. మరల పావులు పేర్చినప్పుడు అన్నియు యథాస్థానములలో నిలుచును. యుద్ధమును అనుకరించు ఆటలలో పెక్కింటికి ఇదియే స్వభావము. పడిన సైనికుడు మరల లేవని ఆట యొకటి యున్నచో, అది ఎట్లుండును? 1990వ సంవత్సరమున జపాను దేశమున వెలువడిన ఒక వీడియో ఆట ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినది. దాని పేరు 'ఫైర్ ఎంబ్లమ్'.

వ్యూహములు పన్ను ఆటలు జపానీయులకు క్రొత్తవి కావు. భారతదేశమున పుట్టిన చతురంగము పారసీక దేశమునకు పోయి, క్రమముగా ఐరోపాకు చేరి, నేటి చదరంగమైనది. జపానీయులు ఆడు 'షోగీ' కూడ ఆ చతురంగ వంశములోనిదే యని పండితుల అభిప్రాయము. షోగీలో ఒక వింత నియమము కలదు. పట్టుబడిన పావు ఆటనుండి తొలగిపోదు; పట్టుకొన్నవాని పక్షమున చేరి పోరాడును.

జపానులోని క్యోటో నగరమున 1889లో పేకముక్కలు తయారుచేయుటకు ఏర్పడిన సంస్థ నింటెండో. అది 1983లో 'ఫ్యామిలీ కంప్యూటర్' అను ఆటయంత్రమును విడుదల చేసెను. టెలివిజనుకు తగిలించి ఆడుకొను ఆ చిన్న పెట్టెకు గల పని జ్ఞాపకశక్తి కేవలము 2 కిలోబైట్లు. దానిపై రెండు విధములైన ఆటలు ప్రసిద్ధి చెందెను. మొదటివి పాత్రధారణ క్రీడలు. 1986లో వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్' అట్టిది. అందు ఆటగాడు తానే కథానాయకుడై దేశములు తిరుగుచు, శత్రువులను జయించుచు, బలము పెంచుకొనును. రెండవవి యుద్ధవ్యూహ క్రీడలు. 1988లో వచ్చిన 'ఫామికామ్ వార్స్' అట్టిది. అందు నగరములను పట్టుకొని, ధనము సంపాదించి, సేనలను కొనవలెను. ఒక దళము నశించినచో మరియొక దళమును కొనవచ్చును. కనుక నష్టమే కాని దుఃఖము లేదు.

ఈ రెండవ ఆటను నిర్మించిన 'ఇంటెలిజెంట్ సిస్టమ్స్' అను సంస్థలో షోజో కగా అను రూపకర్త ఉండెను. మొదటి తరగతి ఆటలలోని కథను, రెండవ తరగతి ఆటలలోని వ్యూహమును ఒక్కచోట చేర్చవలెనని అతడు సంకల్పించెను. ఆ సంకల్పమే ఫైర్ ఎంబ్లమ్ ఆయెను.

దీని కథానాయకుడు మార్త్. అతడు ఆల్టియా రాజ్యపు యువరాజు. శత్రువులు రాజ్యమును ఆక్రమింపగా టాలిస్ అను చిన్న ద్వీపమున తలదాచుకొనెను. అచటినుండి కొద్దిమంది అనుచరులతో బయలుదేరి, 25 అధ్యాయములలో యుద్ధములు గెలిచి, స్వదేశమును విడిపింపవలెను. ప్రతి అధ్యాయము ఒక రణరంగము. అది చదరంగపు బల్లవలె గడులుగా విభజింపబడి యుండును. ఆటగాడు తన వారినందరిని ఒక్కొక్కరినిగా నడిపిన పిమ్మట శత్రువుల వంతు వచ్చును. అడవిలో నిలిచినవానికి దెబ్బ తగులు అవకాశము తగ్గును. రెక్కల గుఱ్ఱమునెక్కినవారు కొండలను, సముద్రమును దాటగలరు; కాని విలుకాని బాణము వారికి యముడు.

దెబ్బ యెంతయో గణితము నిర్ణయించును. ఒక వీరుని బలము 6, వాని కత్తి పదును 5, శత్రువు రక్షణ 4 అనుకొందము. బలమును, పదునును కూడి, రక్షణను తీసివేసినచో 7 మిగులును. శత్రువు ప్రాణశక్తి 20 అయినచో మూడు దెబ్బలకు పడిపోవును. వేగము మిక్కిలిగా గలవాడు ఒకేసారి రెండు దెబ్బలు కొట్టును. ఆయుధములు వాడినకొలది అరిగి, తుదకు విరిగిపోవును. అనుభవము 100 అంకములకు చేరినప్పుడు వీరుడు ఒక మెట్టు పైకెక్కును. మార్త్ సేనలో జేగన్ అను వృద్ధవీరుడు కలడు. ఆరంభమున అతడే బలాఢ్యుడు. అన్ని యుద్ధములు అతనిచేతనే గెలిపించుట సులభము. అట్లు చేసినచో చిన్నవారికి అనుభవము చిక్కదు. వృద్ధుని బలము పెద్దగా పెరగదు. ముందు రానున్న కష్టములకు సేన సిద్ధపడి యుండదు.

ఇంతవరకు ఇది చక్కని లెక్కల ఆట మాత్రమే. దీనికి ప్రాణము పోసినది మరియొక నియమము. సేనలో చేరదగినవారు ఏబదిమందికి పైగా కలరు. ప్రతివానికి ఒక పేరు, ఒక ముఖము కలవు. వారిలో ఎవడు రణరంగమున పడిపోయినను కథ ముగియువరకు తిరిగి రాడు. మార్త్ మరణించినచో ఆటయే ముగియును. కథాంతమున అతని సోదరి ఎలీస్ మాత్రమే ప్రయోగింపగల 'ఓమ్' అను దండమొకటి లభించును. అది చనిపోయినవారిని బ్రదికించును. కాని ఒక్కసారి మాత్రమే, ఒక్కరిని మాత్రమే. పదిమందిని పోగొట్టుకొన్నవాడు ఎవరిని ఎన్నుకొనవలెను?

ఒక్కొక్కప్పుడు ఒకరి మరణము మరియొకరిని కూడ దూరము చేయును. మూడవ అధ్యాయమున నవార్ అను ఖడ్గవీరుడు కూలికి దొంగలపక్షమున నిలుచును. అతనితో పోరినచో ప్రమాదము. టాలిస్ రాజకుమారి షీడా అతనిని సమీపించి మాటలాడినచో అతడు మార్త్ పక్షమునకు వచ్చును. కత్తి చేయలేని పనిని మంచిమాట చేయును. ఆమె అంతకుముందే మరణించియున్నచో ఆ మాట చెప్పువారుండరు. నవార్ శత్రువుగనే మిగిలిపోవును.

ఈ నియమమువలన ఆడువారి నడవడి మారెను. ఒక్క సైనికుడు పడినంతనే యంత్రముపైనున్న మీటను నొక్కి, గంటలకొలది పడిన శ్రమను విడిచి, అధ్యాయమును మొదటినుండి ప్రారంభించువారు పెక్కురైరి. గెలుపు చేతికందినను ఆ గెలుపు వారికి రుచింపలేదు. మొదట ఈ ఆటకు అంతగా ఆదరణ లభింపలేదు. ఆడినవారు చెప్పగా విని ఇతరులు కొనిరి. ఈ పరంపరలోని ఆట జపాను వెలుపల తొలిసారిగా 2003లో వెలువడెను. 2010లో వచ్చిన భాగమున, పడినవారు తరువాతి అధ్యాయమున తిరిగివచ్చు సులభమార్గమును కూడ చేర్చిరి. ఏ మార్గమున ఆడవలెనో ఆటగాడే నిర్ణయించుకొనవచ్చును. తొలి ఆట 2020 డిసెంబరులో ఆంగ్లమున వెలువడినది.

లెక్కలో సైనికుడు ఒక అంకె. పేరు పెట్టి పిలిచినప్పుడు వాడు ఒక మనిషి. చిత్రములోని సైనికుడు నిజముగా చావడు; వానికై వెచ్చించిన ఆలోచన మాత్రము నిజమైనదే. ముందుకు నడుపుటకు పూర్వము ప్రతి గడిని, ప్రతి బాణమును లెక్కించు నాయకుడు జయమును మాత్రమే కోరడు. తనతో బయలుదేరిన వారందరును తనతో ఇల్లు చేరవలెనని కోరును.