వార్తల్లో పదం: ఎరిత్రిటాల్

చక్కెర లేని కేకులు, కుకీల తయారీలో తరచూ వినిపిస్తున్న తీపి పదార్థం ఎరిత్రిటాల్. షుగర్ ఆల్కహాల్ వర్గానికి చెందినదే అయినా మత్తునివ్వదు. గ్లూకోజ్‌ను ఈస్ట్‌తో పులియబెట్టి దీన్ని తయారుచేస్తారు. చక్కెర తీపిలో సుమారు 70 శాతం ఉంటుంది. గ్రాము చక్కెరకు 4 కేలరీలైతే దీనికి 0.2 మాత్రమే. చాలావరకు మూత్రంలో బయటికి పోతుంది కనుక రక్తంలో గ్లూకోజ్ పెరగదు.

ఓవెన్ వేడికి దీని తీపి తగ్గదు. అయితే చక్కెరలా కారమెల్ కాదు, కేకుకు ఎర్రటి రంగు తేదు. తేమను పట్టి ఉంచదు కాబట్టి కేకు త్వరగా పొడిబారుతుంది. చల్లారాక మళ్లీ పలుకులు కడుతుంది. మెత్తగా పొడిచేసి కలిపితే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది. నాలుకకు చల్లగా తగలడం దీని మరో గుణం. మోతాదు మించితే కడుపుబ్బరం, విరేచనాలు కావచ్చు.

రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ముప్పు అధికంగా కనిపించిందని 2023లో ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో అధ్యయనం వచ్చింది. ఎరిత్రిటాలే కారణమని మాత్రం ఆ అధ్యయనం రుజువు చేయలేదు. పైగా మన శరీరమూ దీన్ని కొంత తయారుచేసుకుంటుంది. ‘స్టీవియా’ పేరుతో అమ్మే పొడుల్లోనూ ఇది కలిసి ఉండొచ్చు. కొనేముందు ప్యాకెట్ వెనక వివరాలు చదవాలి.