మీకు తెలుసా? పాత హార్డ్ డిస్కునకు కొత్త గూడు

మూలబడిన కంప్యూటరునందలి హార్డ్ డిస్కు చెడక నిలిచియున్నచో, దానికి దగిన పెట్టెను, అనగా ఎన్‌క్లోజరును, సమకూర్చినంతమాత్రమున నది యెచటికైనను గొనిపోదగిన నిధి యగును.

● ల్యాప్‌టాపులయందలి 2.5 అంగుళముల డిస్కు 5 వోల్టుల విద్యుత్తుతోనే తిరుగును గావున సాధారణముగా యూఎస్‌బీ తీగయే దానికి జాలును, డెస్క్‌టాపులయందలి 3.5 అంగుళముల డిస్కు 12 వోల్టులను గూడ నపేక్షించును గావున దాని పెట్టెకు ప్రత్యేకముగా అడాప్టరు ఆవశ్యకము.

● పాత డిస్కులకు ఐడీఈ సంధానమును, తరువాతివానికి సాటా సంధానమును గలవు. ఒకదాని పెట్టె వేరొకదానికి బొసగదు.

● 2000లో వెలువడిన యూఎస్‌బీ 2.0 యొక్క గరిష్ఠవేగము సెకనుకు 480 మెగాబిట్లు కాగా, 2008 నాటి 3.0 వేగము 5 గిగాబిట్లు. కావున డిస్కు ఎంత చురుకైనదైనను, పాత పెట్టెయందు దాని వేగము కుంటుపడును.

● అన్నిటికంటె విచిత్రమైన విషయమేమనగా, కొన్ని పాత పెట్టెలలోని చిప్పు, 512 బైట్ల చొప్పున విభజింపబడిన డిస్కు భాగములను 32 బిట్ల సంఖ్యతో మాత్రమే లెక్కింపగలుగుటచేత, సుమారు 2.2 టెరాబైట్లకు మించిన స్థలము దాని దృష్టికి గోచరింపదు!

● అల్యూమినియము ఉష్ణమును శీఘ్రముగా వెలికి బంపును గావున, చిరకాలము పనిచేయవలసిన డిస్కునకు ప్లాస్టిక్కు పెట్టెకంటె లోహపు పెట్టెయే శ్రేయస్కరము.