ఆ నాదం ఎక్కడిది?



ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చారు. ఆ అబ్బాయి మా యౌవనుల కూటంలో గిటారు వాయిస్తాడు. "అయ్యగారూ, వీడు చదువు పక్కనపెట్టి, వేలకు వేలు పోసి ఏవో పెట్టెలు కొనమంటున్నాడు. మీరే బుద్ధి చెప్పండి" అన్నారు తండ్రి. "బ్రయాన్ మే గిటారు శబ్దం రావాలంటే ఆ ఆంప్లిఫయర్ ఉండాలి అయ్యగారూ" అన్నాడు కుమారుడు, తల ఎత్తకుండానే. నెల రోజులుగా వారిద్దరికీ మాటలు లేవని అతని తల్లి మాకు ముందే చెప్పి కన్నీరు పెట్టుకొన్నది.

తండ్రి పక్షమున నాలుగు మాటలు చెప్పి పంపివేయాలనే అనుకొన్నాము. అయితే తెలియని సంగతిపై తీర్పు చెప్పుట న్యాయం కాదని తోచి, ఒక వారం గడువు అడిగాము.

బ్రయాన్ మే ఇంగ్లాండులోని 'క్వీన్' అనే రాక్ బృందపు గిటారు వాద్యకారుడు. ఆ బృందం పాడినదంతా మేము సమర్థించుట లేదు. కాని ఆ గిటారు కథ మన కుటుంబాలు వినదగినది.

1963లో అతనికి 16 ఏండ్లు. పేరున్న కంపెనీ గిటారు కొనే స్తోమత ఇంట్లో లేదు. తండ్రి హెరాల్డ్‌కు ఎలక్ట్రానిక్స్ పని బాగా తెలుసు. తండ్రీకొడుకులు కూర్చొని, చేతి పనిముట్లతో సుమారు రెండేండ్లు కష్టపడి గిటారు తయారు చేశారు. పాత చలిమంట గూటిపై ఉండిన మహాగని చెక్క దానికి మెడ అయ్యింది. పురుగు తొలిచిన రంధ్రాన్ని అగ్గిపుల్లతో పూడ్చారు. మెట్ల గుర్తులకు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు వాడారు. స్వరాన్ని వణికించే మీటకు పాత మోటారు సైకిలు స్ప్రింగులు అమర్చారు. మీట కొనకు తల్లి అల్లిక సూది ముక్క పెట్టారు. తీగల కదలికను విద్యుత్తుగా మార్చే పికప్‌లు మూడింటిని మాత్రం చివరకు కొన్నారు.

తరువాత అతడు లండన్‌లో రోరీ గలాఘర్ అనే ఐర్లండు గిటారు వాద్యకారుని విని, ఆ శబ్దం ఎలా వస్తుందని అడిగాడు. ఆయన ఏమీ దాచలేదు. వాక్స్ ఏసీ30 అనే వాల్వుల ఆంప్లిఫయర్, దాని ముందు ట్రెబుల్ బూస్టర్ అనే చిన్న పెట్టె. అంతే! ఆ పెట్టె పై స్వరాలను పెంచి ఆంప్లిఫయర్‌ను ముందుకు నెడుతుంది. పూర్తిగా పెంచిన వాల్వులు ఆ బరువు మోయలేక స్వరాన్ని చిక్కగా, దీర్ఘంగా మార్చి పలికిస్తాయి. మే కూడా అవే తెచ్చుకొన్నాడు. అయితే వచ్చినది గలాఘర్ నాదం కాదు! ఆ చెక్క వేరు, లోపల వదిలిన ఖాళీలు వేరు, గరుకు అంచుగల ఆరు పెన్నీల నాణెంతో తీగ మీటే ఆ చెయ్యి వేరు.

నేడు ఆ గిటారుకు నకళ్లు దొరుకుతున్నాయి. కొంటే శబ్దం కొంతవరకు దగ్గరకు వస్తుంది, చెయ్యి మాత్రం అంగట్లో దొరకదు. సౌలు కవచం దావీదుకు సరిపడలేదు గదా! సితారా పట్టిన ఆ చేతికి తనకు అలవాటైన వడిసెలే చాలింది.

ఈ కథలో దుఃఖం కూడా ఉంది. కుమారుడు ఖగోళశాస్త్రంలో డాక్టరేటు చదువు విడిచి సంగీతానికి వెళ్లినప్పుడు ఆ తండ్రి నొచ్చుకొన్నాడు. ఇద్దరి మధ్య దూరం పెరిగింది. న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ కచేరీకి వచ్చి చూచిన తరువాతనే తండ్రి మనసు మారింది. కుమారుడు ఆ డాక్టరేటు 2007లో పూర్తి చేశాడు. అప్పటికి తండ్రి లేడు. రెండేండ్లు ఒకే బల్ల దగ్గర పనిచేసిన వారికే ఎడబాటు తప్పలేదంటే, ఒకరి పక్కన ఒకరు కూర్చోని వారి సంగతి ఏమి?

మరుసటి ఆదివారం ఇదంతా ఆ ఇద్దరికీ చెప్పాము. "బాబూ, పెట్టె తరువాత చూద్దువు గాని, ముందు చదువు, సాధన రెండూ విడువకు" అన్నాము. తండ్రితో, "మీరు డబ్బు ఇవ్వకపోయినా ఫరవాలేదు. ఒక గంట వాడి పక్కన కూర్చోండి" అన్నాము. ఆయన కొంతసేపు ఊరుకొని, "మా నాన్నగారి రేడియో కూడా వాల్వులదే. వేడెక్కితే గాని పలికేది కాదు" అన్నారు. అబ్బాయి మొదటిసారి తల ఎత్తి తండ్రివైపు చూశాడు.

ఆంప్లిఫయర్ ఇంకా కొనలేదు. కాని మొన్న గరుకు అంచుగల పాత నాణెం కోసం ఇద్దరూ కలిసి ఇంట్లోని డబ్బాలన్నీ వెదికారని ఆ తల్లి సంతోషంతో చెప్పింది.

తల్లిదండ్రులారా, మన పిల్లలు అడిగే ప్రతి వస్తువు మనం కొనలేము, కొననవసరమూ లేదు. అయితే వారు దేనిని ప్రేమిస్తున్నారో తెలుసుకొందుము. తండ్రుల హృదయములను పిల్లల తట్టు త్రిప్పు దేవుడు మన గృహములను దర్శించును గాక. ఆమేన్.